రెండో శనివారపు కుందేళ్లు

2018 మార్చిలో నేను కెనడాలో, స్కార్‌బరోలోని ఒక జంతు వైద్యశాలలో రిజిస్టర్డ్ వెటర్నరీ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. అది అక్కడ నా తొమ్మిదో సంవత్సరం. మా దగ్గరికి కుక్కలు, పిల్లులు వచ్చేవి కావు. వాటికి వీధికొక క్లినిక్ ఉంది. కుందేళ్లు, గినీ పిగ్‌లు, చిలకలు, తాబేళ్లు వచ్చేవి. మిగతా క్లినిక్‌లు ఫోనులోనే మర్యాదగా వద్దనేవాటికి మేమే దిక్కు.

నా హోదా గురించి ముందే చెప్పాలి, ఎందుకంటే జరిగిన పొరపాటంతా దాని చుట్టూనే తిరిగింది. పశ్చిమగోదావరి జిల్లాలో ఒక మండలంలో పన్నెండేళ్లు వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్‌గా చేశాను. నా కింద ఒక కాంపౌండరు, ఒక అటెండరు. నేను సంతకం పెడితే తప్ప చచ్చిన గేదె చచ్చినట్టు కాదు, బీమా కంపెనీ లెక్కలో. కెనడా వచ్చాక ఇక్కడ డాక్టరుగా గుర్తింపు రావాలంటే మూడు దశల పరీక్షలు రాయాలి. రెండు పాసయ్యాను. మూడోది కాలేదు. కారణాలు అడిగితే చాలా చెప్పగలను; అన్నీ నాకు అనుకూలమైనవే. చివరికి టెక్నీషియన్ చదువు చదివి ఉద్యోగంలో చేరాను. టెక్నీషియన్ రక్తం తీస్తాడు, ఎక్స్‌రే తీస్తాడు, మత్తు ఇచ్చినప్పుడు శ్వాస గమనిస్తాడు, తిననిదానికి సిరంజితో తినిపిస్తాడు, యజమాని చెప్పిన వివరాలు రాసుకుంటాడు. జబ్బు ఫలానా అని తేల్చకూడదు, మందు రాయకూడదు, కత్తి పట్టకూడదు.

ఇదంతా సోమవారం నుంచి శుక్రవారం వరకు. ఆదివారం మధ్యాహ్నం మా తెలుగు క్రైస్తవ సంఘం ఒక చర్చి హాలు అద్దెకు తీసుకుని కూడేది. అక్కడ నేను డాక్టర్ గారిని. ఆ పిలుపు ఎవరు మొదలుపెట్టారో తెలియదు. నేను అబద్ధం చెప్పలేదు, సరిదిద్దలేదు. తొమ్మిదేళ్లు సరిదిద్దకుండా ఉండటానికి కూడా కొంత శ్రమ కావాలి, ఆ శ్రమ నేను పడ్డాను.

సంఘంలో ప్రభుదాస్, సునీత అనే దంపతులు ఉండేవారు. ఇద్దరికీ నలభై దాటాయి, పిల్లలు లేరు. ప్రభుదాస్ వాన్ అనే ఊళ్లో ఒక వేర్‌హౌస్‌లో షిఫ్ట్ సూపర్‌వైజరు. సునీత వృద్ధుల సంరక్షణ గృహంలో నర్సు. అంతకుముందు కాకినాడలో పెద్ద ఆసుపత్రిలో చేసింది. అపార్ట్‌మెంటు టవర్లో పన్నెండో అంతస్తులో ఉండేవారు. వాళ్లకు రెండు కుందేళ్లు: మఫిన్ ఆడది, గోధుమ రంగు, పెప్పర్ మగది, బూడిద రంగు, దానికంటే పెద్దది, మెతక స్వభావం. రెండింటికీ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు మా క్లినిక్‌లోనే జరిగాయి. చేసింది మా డాక్టర్ క్లేర్. మత్తు గమనించింది నేను. ఫైల్లో నా పొడి అక్షరాలు ఉన్నాయి.

రెండు కుందేళ్లను తెచ్చి ఒక బోనులో వదిలితే జత కుదరదు. కొట్టుకుంటాయి, చెవులు చిరుగుతాయి. ముందు పక్కపక్క బోన్లలో పెట్టాలి. దీని కింది గుడ్డ దానికి, దాని కింది గుడ్డ దీనికి మారుస్తూ వాసన అలవాటు చేయాలి. తర్వాత రెండూ ఎరగని చోట రోజుకు కొన్ని నిమిషాలు కలపాలి. ఒకసారి కుదిరిందా, ఇక కలిసే తింటాయి, ఒకదాని డొక్కకు ఒకటి ఆనుకునే పడుకుంటాయి. సునీతకు ఇది ఐదు వారాలు పట్టింది. ఆ ఐదు వారాల్లో మఫిన్ చాలాసార్లు పెప్పర్ మీదికి ఎక్కింది. ఆడది మగదాని మీదికి ఎక్కడమేమిటని సునీత ఫోన్ చేస్తే, అది కామం కాదని, పెత్తనం ఎవరిదో తేల్చుకోవడమని, రక్తం రానంత వరకు ఆపవద్దని చెప్పింది నేనే. క్లినిక్‌లో యజమానులకిచ్చే కాగితం చేతిలో పట్టుకుని, టెక్నీషియన్‌గా చెప్పాను. సరిగ్గా చెప్పాను. ఇది జరిగిన రెండేళ్లకు అదే మనిషికి, అదే కుందేళ్ల గురించి, డాక్టర్‌గా తప్పు చెప్పాను.

ఆ ఏడాది ప్రతి నెలా రెండో శనివారం వాళ్లింట్లో గృహ కూడిక ఉండేది. పాతికమంది వచ్చేవారు. సోఫాలు బెడ్‌రూములోకి నెట్టి, హాల్లో దుప్పట్లు పరిచేవారు. కుందేళ్ల కంచెను బాల్కనీ తలుపు దగ్గర నుంచి తీసి భోజనాల బల్ల పక్కకు జరిపేవారు. మార్చి కూడికలో పాస్టర్ గారు వాక్యం చదువుతుండగా మఫిన్ లేచి, పెప్పర్ వెనక్కి వెళ్లి, దాని మీదికి ఎక్కింది. అందరి ఎదురుగానే. పాస్టర్ గారు గొంతు కొంచెం పెంచి చదివారు. సునీత లేచి కంచె మీద ఒక శాలువా కప్పింది. శాలువా కదులుతూనే ఉంది. ఆడవాళ్లు కళ్లు మూసుకున్నారు. అది ప్రార్థన సమయం కాదు. ఎవరో తెలివిగా పాట ఎత్తుకున్నారు, మిగతావాళ్లం అంత ఉత్సాహంగా ఎప్పుడూ పాడలేదు.

టీ తాగేటప్పుడు సంఘపెద్ద ఒకాయన ప్రభుదాస్ భుజం తట్టి, "ఏం ప్రభుదాసూ, పైన ఉన్నది ఆడదంట కదా? మీ ఇంట్లో పెత్తనం ఎవరిదో కుందేళ్లే సాక్ష్యం చెబుతున్నాయి" అన్నాడు. నవ్వారు. నేనూ నవ్వాను. ప్రభుదాస్ నవ్వలేదు. సునీత జీతం అతని జీతం కంటే ఎక్కువని సంఘంలో అందరికీ తెలుసు. అలాంటి సంగతులు మన సంఘాల్లో ప్రకటన లేకుండానే తెలిసిపోతాయి.

అతను నన్ను వంటింట్లోకి తీసుకెళ్లాడు. "డాక్టర్ గారూ, ఇది మూడోసారండి. జనవరిలో చేసింది, ఫిబ్రవరిలో చేసింది. కూడిక పెట్టిన రోజే చేస్తంది. తలెత్తుకోలేకపోతన్నాను. దీనికేదో చెప్పండి" అన్నాడు. నా చేతిలో కేకు ముక్క, మిక్చర్ ఉన్న పేపర్ ప్లేటు ఉంది. మా వెనక మరో నలుగురు చేరారు. నలుగురు చేరాక తెలియదని చెప్పడం చాలా కష్టం. ఎంత చదివినవాడికైనా.

ఇక్కడ వృత్తికి సంబంధించిన ఒక మాట. ఆవుల మందలో ఒక ఆవు ఇంకో ఆవు మీదికి ఎక్కితే, కదలకుండా నిలబడ్డ ఆవు ఎదలో, అంటే చూలుకు సిద్ధంగా, ఉన్నట్టు. ఎక్కినదానికి ఎద దగ్గరపడుతున్నట్టు. రైతు అది చూసే, చూలు కట్టించే ఎద సూదికి ఆసుపత్రికి తోలుకొస్తాడు. గేదెకైతే ఆ లక్షణాలు బయటపడవు, మూగ ఎద అంటారు. కనిపెట్టడానికి అనుభవం కావాలి. ఆ అనుభవం నాకు చాలా ఉందని పేరు. పన్నెండేళ్లు నా అన్నం అదే. కుందేలుకు ఆవుకున్నట్టు ఇరవయ్యొక్క రోజుల లెక్క లేదని, మగదానితో కలిశాకే దానికి అండం విడుదలవుతుందని, ఆపరేషన్ అయిన జతల్లో ఈ ఎక్కడం పెత్తనపు వ్యవహారమని నాకు తెలుసు. కానీ ఆ వంటింట్లో నా నోట మాట్లాడింది పశ్చిమగోదావరి మండలం.

"రెండేళ్లు కుదురుగా ఉండి మళ్లీ మొదలుపెట్టిందంటే, ఎద ఛాయలున్నట్టే. ఆపరేషన్‌లో అండాశయం ముక్క ఏదో మిగిలి ఉండాలి. ముందు రెండింటినీ విడదీయండి, తర్వాత చూద్దాం" అన్నాను. పక్కనే కప్పులు కడుగుతున్న సునీత తల తిప్పి నన్ను చూసింది. ఏదో అడగబోయి, మళ్లీ కప్పుల వైపు తిరిగింది. నేను కేకు తిన్నాను.

పెద్దల మాట చద్దిమూట అంటారు. ప్రభుదాస్ ఆ మూటను మర్నాడే విప్పాడు. ఆదివారం ఆరాధన కాగానే పెప్పర్‌ను కారులో వేసుకుని కేంబ్రిడ్జ్ అనే ఊరికి వెళ్లి, అక్కడ ఫ్యాక్టరీలో పనిచేసే తమ్ముడి ఇంట్లో దించి వచ్చాడు. నేను విడదీయమన్నది వేరే గదిలో పెట్టమని. వంద కిలోమీటర్ల పైన అని నేను చెప్పలేదు. ఎంత దూరమని అతను అడగలేదు.

మంగళవారం ఉదయం తొమ్మిదింటికి సునీత, ప్రభుదాస్ మఫిన్‌ను క్లినిక్‌కి తెచ్చారు. ఆదివారం రాత్రి నుంచి ఏమీ తినలేదు. సోమవారం మధ్యాహ్నం నుంచి ఒక్క పెంటిక వేయలేదు. కుందేలు పేగు నిత్యం కదులుతూ ఉండాలి; ఆగితే లోపల గాలి పడుతుంది, నొప్పి వస్తుంది, నొప్పికి ఇంకా తినదు. వాంతి చేసుకునే శక్తి దానికి లేదు. ఒక పూట తినకపోతే ఫోన్ చేయాలి, రోజు దాటితే ప్రాణం మీదికి వస్తుంది. నేను ఉష్ణోగ్రత చూశాను. ముప్పై ఎనిమిదిన్నర పైన ఉండాల్సింది ముప్పై ఏడుకు దిగింది. వెచ్చటి ప్యాడ్ మీద పెట్టి, కడుపు మీద స్టెతస్కోపు ఆనించాను. కడుపులో ఏ చప్పుడూ లేదు. సునీత నా ముఖం చూసింది. నర్సు కాబట్టి ఆమెకు ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు.

"ఇంటికొచ్చేసరికి తలుపు దగ్గరికి పరిగెత్తుకొచ్చేది ఇవి రెండే అంకుల్. ఒకటి పోయింది. ఇది కూడా పోతే నేనా ఇంటికి వెళ్లలేను" అంది.

డాక్టర్ క్లేర్ వచ్చింది. వయసులో నా కూతురి వంటిది. మాట తక్కువ, ప్రశ్న ఎక్కువ. ఎక్స్‌రేలో పేగుల నిండా గాలి ఉంది, అడ్డు ఏదీ లేదు. నొప్పికి మందు, చర్మం కింద సెలైన్ మొదలుపెట్టించి, వివరాలు అడగటం మొదలుపెట్టింది. ఇంట్లో ఏమైనా మారిందా అంటే, రెండోదాన్ని పంపించేశామని ప్రభుదాస్ చెప్పాడు. ఎందుకని అడిగితే, ఇది ఎదకు వచ్చి దాని మీదికి ఎక్కుతోందని, ఆపరేషన్‌లో ముక్క మిగిలిందేమో అని. అలాగని ఎవరు చెప్పారని అడిగింది.

ప్రభుదాస్ నేల చూశాడు. సునీత తడుముకోకుండా, తామే ఇంటర్నెట్‌లో చదివి అలా అనుకున్నామని ఇంగ్లీషులో చెప్పింది. తర్వాత నాకు మాత్రమే వినిపించేటట్టు, తెలుగులో, "మీ పేరు రానివ్వంలెండి అంకుల్" అంది.

నేను ఫైలు పట్టుకుని నిలబడ్డాను. నాకు హాయిగా అనిపించిందని ఒప్పుకోవాలి. ఆ హాయి పూర్తిగా అనుభవించేలోపే డాక్టర్ క్లేర్ తన పాత ఆపరేషన్ నోటు తిరగేయడం మొదలుపెట్టింది. తాను చేసిన ఆపరేషన్ మీద అనుమానం వస్తే మంచి డాక్టరు వాదించదు, వెతుకుతుంది. ముక్క మిగలడం అరుదు గాని అసాధ్యం కాదంది. హార్మోను పరీక్షకు రక్తం తీయించాలంది. స్కాన్ చేసేవాళ్లను పిలిపించాలంది. తేలకపోతే పొట్ట తెరిచి చూడాల్సి రావచ్చునంది. రోజున్నరగా తినని, ఒళ్లు చల్లబడ్డ కుందేలుకు మత్తు ఇస్తే ఏమవుతుందో మత్తు గమనించేవాడిగా నాకు తెలుసు. అంత దూరం వెళ్లకపోయినా, లేని జబ్బు వెతకడంలో ఆ పూట గడిచిపోతుంది. మఫిన్‌కు ఉన్నది ఆ పూటే.

మామూలుగా నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని వాదించే మనిషిని. మా ఇంట్లో ఈ విషయంలో ఏకాభిప్రాయం ఉంది. ఆ రోజు మాత్రం, వాళ్లకు ఆ మాట చెప్పింది నేనేనని, శనివారం వాళ్ల వంటింట్లో చెప్పానని, విడదీయమన్నదీ నేనేనని, జంతువును పట్టి చూడకుండా, ఒక్క ప్రశ్న అడగకుండా, ఆవుల లెక్కన చెప్పానని డాక్టర్ క్లేర్‌తో అన్నాను. అదే మాట ప్రభుదాస్ వైపు తిరిగి తెలుగులో కూడా చెప్పాను. "ప్రభుదాస్ గారూ, నేను ఇక్కడ డాక్టర్ని కాదండి. టెక్నీషియన్ని. అది చెప్పే అర్హత నాకు లేదు, చెప్పింది కూడా తప్పే" అన్నాను. తొమ్మిదేళ్ల శ్రమ ఆ రెండు వాక్యాలతో పోయింది. సిగ్గుపడ్డాను, దానికి ఇంకో పేరు లేదు.

డాక్టర్ క్లేర్ నేను చెప్పింది రాసుకుని, సెలైన్ సంచి పైకి తగిలించమంది. తర్వాత వాళ్లిద్దరినీ నేను అడగాల్సిన ప్రశ్న అడిగింది: ఎప్పుడెప్పుడు ఎక్కుతుంది? రెండో శనివారం. ఆ రోజుకు ముందు ఇంట్లో ఏం చేస్తారు?

జవాబు సునీత చెప్పింది. శుక్రవారం కార్పెట్‌కు షాంపూ పెడతారు. కంచెను విడదీసి వెనిగర్ నీళ్లతో తుడుస్తారు. కింద గుడ్డలన్నీ ఉతుకుతారు. వచ్చినవాళ్లకు వాసన రాకూడదు కదా. కుందేలు తన గడ్డం కింది గ్రంథితో ప్రతి మూలకూ రుద్ది ఇది నాది అని గుర్తు పెట్టుకుంటుంది. ఆ గుర్తులన్నీ నెలకోసారి కడిగేసి, కంచె చోటు మార్చి, పాతికమంది కొత్త మనుషులను కూర్చోబెట్టేవారు. కుందేలు దృష్టిలో అది కొత్త ఇల్లు. కొత్త ఇంట్లో పెత్తనం మళ్లీ తేల్చుకోవాలి. కూడిక రోజున మఫిన్ చేస్తున్నది అంతే.

సునీతకు ఇది సగం తెలుసు. "ఇల్లు సర్దినప్పుడే చేస్తాయని నాకు అనుమానం ఉండేదంకుల్. పైగా మామూలేనని అప్పట్లో మీరే చెప్పారు. ఇప్పుడు వేరేగా చెబుతున్నారంటే కొత్త జబ్బేదో కనిపెట్టారనుకున్నా. డాక్టర్ గారు చెప్పాక నర్సు ఏం మాట్లాడుద్ది?" అంది. ఆమె నిష్ఠూరంగా అనలేదు. వార్డులో ఇరవై ఏళ్ల అలవాటు అది. అందుకే ఆ మాట నాకు బాగా గుచ్చుకుంది.

ప్రభుదాస్ వేర్‌హౌస్‌కు ఫోన్ చేసి సెలవు పెట్టాడు. మంచులో 401 హైవే మీద కేంబ్రిడ్జ్ వెళ్లి, మధ్యాహ్నం మూడింటికి పెప్పర్‌తో తిరిగి వచ్చాడు. విడిపోయిన జతను తెచ్చిన వెంటనే కలపకూడదు. ఇంకో ఇంటి వాసన పట్టిన కుందేలును పాత జోడీ పరాయిదిగా చూసి కరవవచ్చు. మఫిన్‌కు కరిచే ఓపిక కూడా లేదు కాని నియమం నియమమే. రెండు బోన్లు పక్కపక్కన పెట్టాం, గుడ్డలు మార్చాం. నేను నాలుగు గంటలకోసారి సిరంజితో గడ్డి గుజ్జు తినిపించాను. సగం మింగింది, సగం నా చొక్కా మీద ఉమ్మింది. తనంతట తాను మాత్రం ఒక్క పరక ముట్టలేదు. డాక్టర్ క్లేర్ బుధవారం ఉదయం కలిపి చూద్దామంది. అప్పటికీ తినకపోతే తన దగ్గర చేయడానికి ఎక్కువ ఏమీ మిగలదని సునీతకు చెప్పింది.

బుధవారం పది గంటలకు ఎక్స్‌రే గదిలో కలిపాం, ఆ గది రెండింటికీ కొత్తది కాబట్టి. కాళ్లు జారకుండా నేల మీద రబ్బరు చాప వేశాం. పొయ్యి మీది వేడి గిన్నెలు దించే మందపాటి తొడుగులు చేతులకు వేసుకుని నేను చాప మీద కూర్చున్నాను. కొట్లాట మొదలైతే మధ్యలో చెయ్యి పెట్టాలి. డాక్టర్ క్లేర్ గోడకు ఆనుకుని నిలబడింది. సునీత ఒక కొత్తిమీర కట్ట పట్టుకుంది. ప్రభుదాస్ షిఫ్టుకు వెళ్లాల్సినవాడు పసుపుపచ్చ సేఫ్టీ చొక్కాతోనే గుమ్మంలో గొంతుక్కూర్చున్నాడు.

మఫిన్ ముద్దలా కూర్చుని ఉంది. పెప్పరే దాని దగ్గరికి వచ్చి వాసన చూసి, గడ్డం నేలకు ఆనించి పడుకుంది. కాసేపు ఏమీ జరగలేదు. ఇంకా కాసేపు ఏమీ జరగలేదు. నలుగురం, శనివారం ఏది చూడకూడదని శాలువా కప్పామో, దాని కోసమే ఎదురుచూస్తున్నాం.

"ఎక్కవే తల్లీ" అన్నాడు ప్రభుదాస్, గొణుగుతున్నట్టు. "ఎక్కు. నీ ఇష్టం. ఎవడేమనుకున్నా ఫర్లేదు, ఎక్కు."

మఫిన్ లేచింది. రెండు గెంతులు వేసి, పెప్పర్ తల మీదికి ముందువైపు నుంచి ఎక్కింది. నేను వెంటనే పట్టుకుని దించాను. ప్రభుదాస్ ఒక్కసారిగా లేచి, "ఎందుకండీ దించారు! బానే ఎక్కింది కదా!" అన్నాడు. ముఖం వైపు నుంచి ఎక్కితే కింద ఉన్నది బెదిరి మర్మస్థానంలో కరిచే ప్రమాదం ఉందని, అందుకే వెనక్కి తిప్పాలని చెప్పాను. ఇది నా పరిధిలో ఉన్న విషయమే. అతను తల ఊపి మళ్లీ కూర్చున్నాడు. మఫిన్‌ను పెప్పర్ వెనక వదిలాను. ఒక క్షణం ఆలోచించి, వెనక నుంచి ఎక్కింది. పెప్పర్ కదలలేదు.

"స్తోత్రం ప్రభువా" అన్నాడు ప్రభుదాస్, పైకే.

కాసేపటికి అది దిగి, చుట్టూ తిరిగి ముందుకొచ్చి, తల వంచి పెప్పర్ గడ్డం కిందికి దూర్చింది. తెలియనివాళ్లు దాన్ని లొంగిపోవడం అనుకుంటారు. అది ఆజ్ఞ: నాకాలని. పెత్తనం ఉన్న కుందేలు ఎదుటిదానితో తల నాకించుకుంటుంది. పెప్పర్ నుదురు నాకింది, కళ్లు నాకింది, చాలాసేపు నాకింది. అప్పుడు సునీత ఒక కొత్తిమీర కాడ నేల మీద పెట్టింది. మఫిన్ వాసన చూసి, కాడ చివర పట్టుకుని నమిలింది. ఆ చిన్న గదిలో నమిలే చప్పుడు స్పష్టంగా వినిపించింది. సునీత గోడ వైపు తిరిగి ఏడ్చింది. ఒంటిగంటకు మఫిన్ నాలుగు పెంటికలు వేసింది, చిన్నవి, గట్టివి. డాక్టర్ క్లేర్ వచ్చి స్వయంగా లెక్కపెట్టింది.

రెండూ గురువారం సాయంత్రం కలిసి ఇంటికి వెళ్లాయి. ఆ తర్వాత వాళ్లు కుందేళ్ల మూలను కడగటం మానేశారు. కంచె కదపలేదు. ఏప్రిల్ కూడికలో రెండూ పాస్టర్ గారి వాక్యం అయ్యేదాకా నిద్రపోయాయి. సంఘపెద్ద మాత్రం తన పాత హాస్యం మళ్లీ తీశాడు. ప్రభుదాస్ టీ కప్పు అందిస్తూ, "అవునండి, మా ఇంట్లో అంతే. అందుకే అందరం వేళకి తింటన్నాం" అన్నాడు.

నా విషయం ఆ వారం శుక్రవారమే తేలింది. డాక్టర్ క్లేర్ తలుపు వేసి, క్లినిక్ బయట చెప్పినా టెక్నీషియన్ సలహా క్లినిక్ సలహాయేనని, జరిగింది ఫైల్లో ఉంటుందని, కింద నేను సంతకం పెట్టాలని చెప్పింది. కోప్పడలేదు. కోప్పడితే నాకు తేలికగా ఉండేది. ఆమె రాసినదాంట్లో ఒక్క మాట ఎక్కువ లేదు, తక్కువ లేదు. చదివి, నా పేరు పూర్తిగా రాసి, కింద రిజిస్టర్డ్ వెటర్నరీ టెక్నీషియన్ అని రాశాను. ఎన్నాళ్లుగానో ఉన్న హోదా అది. చేత్తో పూర్తిగా రాయడం అదే మొదటిసారి.

ఈ సంఘటన నేర్పిన పాఠం పెద్దదేమీ కాదు. ఒక జంతువు చేసే పనికి ఇంకో జంతువు అర్థం అంటగట్టకూడదు. అర్థం చెప్పే ముందు ఎప్పుడు, ఎక్కడ, దానికి ముందు ఏం జరిగింది అని అడగాలి. పక్కన కప్పులు కడుగుతున్న మనిషిని కూడా అడగాలి. తరచుగా జవాబు ఆమె దగ్గరే ఉంటుంది. నీ పరువు కాపాడటానికి ఎవరైనా అబద్ధమాడితే, దాని ఖర్చు ఎవరిమీద పడుతోందో చూడాలి. ఆ రోజు అది కిలోన్నర బరువున్న ఒక కుందేలు మీద పడబోయింది.

మా క్లినిక్ గమనికల కాగితంలో రెండు గడులుండేవి: ఒకటి చూసినది రాయడానికి, రెండోది అభిప్రాయానికి. రెండోది డాక్టరు కోసం. అంతకుముందు నేను అందులో కూడా ఒకటీ రెండూ ముక్కలు రాస్తుండేవాణ్ణి, ఎవరూ పెద్దగా పట్టించుకునేవారు కాదు. ఆ బుధవారం మొదటి గడిలో ఇలా రాశాను: "ఆడది మగదాని మీదికి వెనక నుంచి ఎక్కింది, పద్దెనిమిది సెకన్లు. మగది కదలలేదు. దిగాక మగది ఆడదాని తల నాకింది. ఆడది కొత్తిమీర ఒక కాడ తిన్నది." రెండో గడి ఖాళీగా వదిలి, ఫైలు తీసుకెళ్లి డాక్టర్ గారి బల్ల మీద పెట్టాను.